మొదటి మెట్లూ, వదాద్ గేరు కేబులూ

మామూన్ కనీసం వంగలేదు. చెప్పు కొసతో పడవ వెనకున్న కాలిని ఒక్కసారి తట్టి, "ఇది పోయింది. మొత్తం కొత్తది వెయ్యాలి. పండగ అయ్యాక చూద్దాం" అని చేతులు దులుపుకున్నాడు. ఏం అంటుకుందని దులుపుకున్నాడో దేవుడికే తెలియాలి. నేను అక్కడే నిలబడి నా రెండు కళ్ళతో చూశాను. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద చెయ్యైనా వెయ్యకుండా గొయ్యి తవ్వండి అనే వైద్యుణ్ణి ఎక్కడైనా చూశారా? మా మీనా రేవులో ఉన్నాడు. వాడి పేరు మామూన్.

ఆ పడవ వదాద్‌ది. దాని ఇంజను కడుపులో ఉంటుంది. వెనక చెక్కకి బయట వేలాడుతూ నీళ్ళలోకి దిగే బరువైన భాగాన్ని మేము కాలు అంటాం. పంకా తిరిగేది దాని కిందే. చక్రం పక్కనున్న గేరు పిడిని ముందుకి తోస్తే పడవ ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి పోవాలి. కానీ శీతాకాలమంతా ఒడ్డున ఉండి దిగిన ఆ పడవ పిడి రెండు చేతులతో లాగినా కదలడం లేదు. బలవంతంగా లాగితే గేరు పళ్ళు కొరుక్కుని ఇంజను ఆగిపోతోంది. అందుకే దాన్ని మళ్ళీ ఒడ్డు వాలు మీదికి లాగించి మామూన్‌కి కబురు పెట్టింది. వాడు చేసిన వైద్యం పైన చెప్పాను.

పండగ అయ్యాక అన్నాడే, అసలు దెబ్బ ఆ మాటలో ఉంది. ఎందుకంటే మా రేవుకి ఒక పద్ధతి ఉంది. రంజాన్ పండగ మొదటి రోజు పొద్దున ఏ పడవ ఏ మెట్ల దగ్గర నిలబడి జనాన్ని ఎక్కించుకుంటుందో, ఆ వేసవంతా ఆ మెట్లు దానివే. పడవ మూతి మెట్లకి ఆనించాలి, జనాన్ని ఎక్కించుకోవాలి, సొంత ఇంజనుతో వెనక్కి వచ్చి తిరగాలి. ఎవడో తాడు వేసి లాగితే లెక్కలోకి రాదు. ఆ పొద్దున రాని పడవకి చేపల మార్కెట్ మురుగు పడే చివరి మెట్లు మిగులుతాయి. దీవులు చూద్దామని పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుని అంత దూరం నడుస్తారా? మొదటి మెట్లు వదాద్ మామగారి నుంచి వాళ్ళవి. గేరు కదలకపోతే అవి పోయినట్టే. పండగ ఇంకో వారంలోకి వచ్చేసింది.

వదాద్ మా పక్కింటి మనిషి. నా మంచానికీ ఆవిడ కుట్టు మిషనుకీ మధ్య ఒకటే గోడ. అందుకని ఆ ఇంట్లో ఏ దారం తెగినా నాకు తెలుస్తుంది. పడవల మీద వేసే గుడ్డ పందిళ్ళూ, కూర్చునే దిండ్లూ కుడుతుంది. రేవులో ఆవిడ సూది తగలని పడవ లేదు. రేవు గట్టు మీదే కూర్చుని కొలతలు తీసి, అక్కడే టాకాలు వేసి, పక్కవాడి ఇంజను ఎందుకు దగ్గుతోందో వింటూ ఇరవై ఏళ్ళు గడిపింది. మొగుడు హికమత్ మంచివాడే, కాస్త మెతక. మూడేళ్ళ కిందట ఒక పొద్దున లేచేసరికి అతని ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. ఆ వేసవి నుంచి చక్రం వదాద్ పట్టింది.

ఆడది చక్రం పట్టేసరికి రేవులో మగాళ్ళకి ఎక్కడ లేని హాస్యం పుట్టుకొచ్చింది. "ఏమ్మా వదాద్, సూదీ దారం తెచ్చావా, సముద్రం చిరిగితే కుట్టడానికి?" అన్నాడొకడు అందరూ వినేలా.

"తెచ్చా. ముందు నీ నోటి దగ్గర మొదలుపెట్టనా?" అంది, తల ఎత్తకుండానే.

ఆ తరవాత ఎవరూ మొహం మీద అనలేదు. వెనకాల అన్నారు. వెనకాల అన్నవన్నీ నాకు తెలుసు, కొన్ని ఇక్కడ రాయడానికి వీల్లేదు.

రేవులో వరసలు చూసే పెద్ద షౌకత్. మేమందరం రయ్యిస్ అంటాం. ఆయన మేనల్లుడు రామెజ్ కిందటేడే కొత్త పడవ కొన్నాడు. ఆ కుర్రాడికి ఉన్నది రెండో మెట్ల వరస. మామూన్ మాట విన్నాక నాకు అనుమానం వచ్చింది. అనుమానం వస్తే నేను కూర్చోలేను. ఇఫ్తార్ అయ్యాక మామూన్ ఇంటికి వెళ్ళి, పండగ ఖర్జూర బిళ్ళలకి చెక్క అచ్చు ఇస్తావా అని వాడి పెళ్ళాం ఇన్సాఫ్‌ని అడిగాను. నా దగ్గర నాలుగు అచ్చులున్నాయి. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియదుగా.

"మీ ఆయనకి ఈ వారం ఊపిరాడనంత పని ఉన్నట్టుందే?" అన్నాను, పిండి చూస్తున్నట్టు వంగి.

"ఏం పని ఖాల్తీ! మధ్యాహ్నం దాకా నిద్ర." వీధి వీధంతా నన్ను ఖాల్తీ అనే పిలుస్తుంది, పిన్నీ అన్నట్టు. "ఆ వదాద్ పడవ మాత్రం ముట్టుకోవద్దని రయ్యిస్ చెప్పాడట."

"ఎందుకటమ్మా?"

"పండగ దాటనిమ్మన్నాడట. మేనల్లుడు మొదటి మెట్ల దగ్గర నిలబడాలిగా. అయ్యో, నేను చెప్పానని ఎవరితో అనకండి!"

"నేనెవరితో అంటాను తల్లీ" అని అచ్చు చంకలో పెట్టుకుని లేచాను. వీధి మలుపు తిరగకముందే ముగ్గురితో అన్నాను. నాలుగోది వదాద్.

నేను అరుస్తూ చెప్పాను. ఉపవాసం ఉన్న నోటితో ఒక మనిషి అన్నం మీద దెబ్బ కొడతారా, ఆ నోటితోనే ఖర్జూరం తిని ఉపవాసం విడుస్తారా అని. వదాద్ మిషను తొక్కడం ఆపి విన్నది. నేను ఆయాసంతో ఆగాక అడిగింది.

"అంటే కాలు పోలేదన్నమాట."

"నేను చెప్పింది విన్నావా అసలు? మోసం చేస్తున్నారు నిన్ను!"

"విన్నాను ఖాల్తీ. మామూన్ చూడలేదు కాబట్టి కాలు పోయిందని ఎవరికీ తెలీదు. రేపు నేనే విప్పి చూస్తా."

బాల్కనీలో కూర్చున్న హికమత్ ఉలిక్కిపడ్డాడు. "నీకేమైనా పిచ్చా? అది కుట్టు మిషను కాదు."

"కుట్టు మిషను విప్పేది కూడా నేనేగా. నువ్వెప్పుడైనా విప్పావా?"

మర్నాడు మధ్యాహ్నం ఒడ్డు వాలు దగ్గరికి ముగ్గురం చేరాం. నన్ను ఎవరూ పిలవలేదు, కానీ ఇలాంటి చోట నేను లేకపోతే చూసేదెవరు? వదాద్ ఫోనులో ఎవరో విదేశీయుడు ఇలాంటి పడవకి ఇదే పని చేసి చూపించే వీడియో ఉంది. పొట్ట బాగా ముందుకొచ్చిన మనిషి, టోపీ పెట్టుకున్నాడు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఆయన నోటితో మనకేం పని, చేతులు చాలు" అంది వదాద్, గొంతు తగ్గించి.

ముందు ఇంజను మూత తీసింది. పిడి నుంచి ఇంజను దాకా ఒక కేబులు వస్తుంది, అక్కడి నుంచి కాలిలోకి ఇంకొకటి పోతుంది. రెండూ ఇంజను దగ్గర ఒక రేకు మీద కలుస్తాయి. వదాద్ ఆ కలిసే చోట పిన్ను తీసి రెండింటినీ విడగొట్టింది. పిడి కదిపితే పై కేబులు పట్టు దారంలా జారింది. రెండోదాన్ని చేత్తో తోసి చూసింది. అంగుళం కదలలేదు.

"చూశావా" అంది నాతో. "కాలూ బానే ఉంది, పిడీ బానే ఉంది. ఈ కేబులు బిగుసుకుపోయింది. అంతే."

అంతే! ఒక్క కేబులు. దీనికోసం కాలు మొత్తం కొత్తది వెయ్యాలన్నాడు ఆ మహానుభావుడు. నాకు అక్కడికక్కడే వాడి ఇంటికి వెళ్ళి ఆ చెక్క అచ్చుతో వాడి నెత్తి మీద బిళ్ళలు ఒత్తాలనిపించింది.

కేబులు నఖూలా దుకాణంలో దొరికింది. ముసలాయన నిచ్చెన ఎక్కి అటక మీది నుంచి దుమ్ము పట్టిన డబ్బా దింపుతూ, "ఈ ఊళ్ళో ఇది అడిగిన మొదటి ఆడమనిషివి నువ్వే" అన్నాడు.

"మగాళ్ళు ఎంతమంది అడిగారు?"

ఆయన తల గోక్కున్నాడు. "ఎవరూ అడగలేదులే. మామూన్ అందరిచేతా కాలే మార్పిస్తాడు."

విన్నారా! అందరిచేతా! మా రేవులో ఎన్ని మంచి కాళ్ళు ఇనుము సామాను కొట్టుకి పోయాయో ఒకసారి ఆలోచించండి.

కాలు తియ్యడం అసలు పని. చుట్టూ ఉన్న నట్లు ఉప్పు పట్టి ఉన్నాయి. వదాద్ పానా తగిలించి, పానాకి ఇనప గొట్టం తొడిగి, దాని మీద కూర్చున్నంత పని చేసింది. ఒక్కొక్కటీ కీచుమంటూ వదిలింది. బరువు దింపడానికి నేను గ్యాసు సిలిండర్లు తోసే కుర్రాడి దగ్గర బండి తెచ్చాను. దాని మీద మా పాత పరుపు మడిచి వేశాం. నట్లన్నీ వదిలినా కాలు రాలేదు. అటూ ఇటూ కుదిపి, తొంగి చూసి, మళ్ళీ కుదిపి లాగితే ఒక్కసారి ఊడి పరుపు మీద పడింది, నా కాలి వేళ్ళకి జానెడు దూరంలో. హికమత్ మంచి చెయ్యి ఒక్కటీ గుండెల మీద పెట్టుకుని "యా లతీఫ్" అని దేవుణ్ణి తలుచుకున్నాడు. నేనేమన్నానో అది ఉపవాసంలో అనకూడని మాట.

ఇక లోపలున్న కేబులు. దాని బయటి కొసలో తీగని పట్టుకున్న చిన్న స్క్రూ ఉంది. దాన్ని సన్నని పానాతో వదులు చేస్తే లోపలి తీగని పడవలోంచి లాగెయ్యొచ్చు. వదాద్ లాగింది. తీగ రాలేదు. పడవ వెనక చెక్కకి రెండు కాళ్ళూ తన్ని లాగింది. అప్పుడొచ్చింది, ముదురు పాకం పట్టిన జీళ్ళ తాడులా, గోధుమ రంగు జిగురు కారుతూ. వాసన చూశాను. పాతబడిన వంట నూనె వాసన.

"ఇదేంటి?" అంది వదాద్.

హికమత్ సముద్రం వైపు చూశాడు.

"హికమత్, నిన్నే. ఇదేంటి?"

"ఏముంది... ప్రతి శీతాకాలం కాస్త నూనె పోసేవాణ్ణి. సాఫీగా ఆడాలని."

"ఏం నూనె?"

"మంచి నూనే. కొండ మీద మీ వాళ్ళు పంపిందే."

"ఆలివ్ నూనా! ఉప్పు నీళ్ళు తగిలే కేబుల్లో ఆలివ్ నూనె పోశావా?"

"మా నాన్న కూడా పోసేవాడు!"

"మీ నాన్న పడవకి ఉన్నది తెడ్లయ్యా!"

మామూన్ మీద ఉన్న కోపమంతా ఒక్క క్షణం హికమత్ మీదికి తిరిగింది. ఏం చెప్పను, మా రేవులో మగాళ్ళందరిదీ ఇదే జబ్బు. చెవిపోటుకి ఆలివ్ నూనె, తలుపు కీచుకి ఆలివ్ నూనె, పసిపిల్ల మాడుకి ఆలివ్ నూనె. ఇంజనుకి ఒక్కదానికే ఎందుకు అన్యాయం చెయ్యాలి అనుకుంటారు. ఎండలో ఆ నూనె జిగురై, జిగురు బంకై, బంక రాయై కూర్చుంది. పైగా నత్తలూ నాచూ పట్టకుండా శీతాకాలమంతా కాలిని పైకెత్తి ఉంచుతారు. కేబులు బయటికొచ్చే చోట మడతలు మడతలుగా ఒక రబ్బరు తిత్తి ఉంటుంది. ఎత్తిన కాలితో అది సాగి, ఎండకి బీటలు వారి, లోపలికి ఉప్పు నీళ్ళు దిగాయి. కేబులు పైతొడుగు కూడా వంపు దగ్గర పగిలి ఉంది. కొత్త రబ్బరు కోసం వదాద్ మళ్ళీ నఖూలా దుకాణానికి పరిగెత్తింది. ఆవిడ వచ్చేదాకా హికమత్ నాతో మాట్లాడలేదు. నేను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాను.

పాత తొడుగుని ఊరికే లాగెయ్యలేదు వదాద్. ఇంజను కింద గొట్టాల మధ్యలోంచి, పైపుల వెనక నించి అది తిరిగి వచ్చిన దారి ఎవరికీ కనపడదు. లోపలి కొసకి పందిళ్ళు కుట్టే మైనపు దారం గట్టిగా కట్టి, తొడుగుని బయటికి లాగింది. తొడుగు వచ్చేసింది, దాని దారిలో దారం మిగిలింది. కొత్తదాని కొసకి ఆ దారమే కట్టి, లోపలికి వెళ్ళి మెల్లగా లాగడం మొదలుపెట్టింది. నేను బయటి నుంచి అందిస్తున్నాను. పైజామా నేఫాలోకి బొందు ఎక్కించినట్టు వెళ్ళిపోయింది. లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఖాల్తీ, మెలి పడకుండా వదులు!"

"నాకు పాఠాలా? నువ్వు పుట్టకముందు నుంచి బొందులు ఎక్కిస్తున్నా!"

కొత్త రబ్బరు తొడిగి క్లిప్పు బిగించింది. లోపలి తీగకి నూనె కాదు, నీళ్ళకి చెడని గ్రీజు పల్చగా రాసి, పడవలోంచి బయటికి తోసి, కొసని స్క్రూ కింద బిగించింది. వీడియోలో ఆ మనిషి టేపు పెట్టి చూపించిన పొడవు చూసుకుని, ఇంజను దగ్గర కొలిచి మరీ కట్టింది. కొలతల్లో ఆవిడని ఎవరూ తప్పు పట్టలేరు. గ్యాసు కుర్రాణ్ణి పిలిచి, నలుగురం కలిసి కాలిని ఎత్తి యథాస్థానంలోకి తోశాం. నట్లు బిగించింది. పిడి తోసింది. వెన్నలా కదిలింది.

కాలు మాత్రం వినలేదు. పిడిని ముందుకి తోసినా వెనక్కి లాగినా పంకా తన ఇష్టం వచ్చినట్టు ఉంది. చేత్తో తిప్పితే అటూ తిరుగుతోంది, ఇటూ తిరుగుతోంది.

వదాద్ నేల మీద కూర్చుండిపోయింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి, పెదాలు ఎండిపోయాయి. గట్టు మీద ఎవరో నవ్వారు. చూస్తే రామెజ్. "ఖాల్తీ, దిండు కుడితే కూర్చోవచ్చు, కాలు కుడితే నడుస్తుందా?" అన్నాడు. నేను చెప్పు తీశాను. విసిరాను కూడా, కానీ ఈ వయసులో గురి కుదరదు. చెప్పు నీళ్ళలో పడింది. మిగతా పనంతా ఒంటి చెప్పుతో చేశాను.

హికమత్ అప్పుడు మెల్లగా అన్నాడు. "వదాద్, ఆ లావుపాటాయన కాలు తీసేముందు ఏదో రెండుసార్లు గట్టిగా చెప్పాడే, అది మళ్ళీ పెట్టు."

పెట్టింది. ఆ మనిషి వేలు చూపిస్తూ ఏదో చెప్తున్నాడు. వెనకాల, తెర మూలలో, గేరు పిడి కనిపిస్తోంది. ముందుకి తోసి ఉంది.

"అదీ!" అన్నాడు హికమత్. "గేరు ముందుకి వేసి తియ్యాలి, ముందుకి వేసే పెట్టాలి. లోపల పట్టుకునే కొక్కెం ఒక గేరులో ఉంది, కాలు ఇంకో గేరులో ఉంది. చొక్కా గుండీ ఒక కాజా కిందకి పెట్టినట్టు పెట్టావు నువ్వు."

వదాద్ అతని వంక చూసింది. "ఇది ముందే చెప్పొచ్చుగా."

"నూనె గొడవలో నా మాట ఎవరు వింటారని."

మళ్ళీ నట్లన్నీ విప్పాం. మళ్ళీ పరుపు, మళ్ళీ బండి. ఈసారి పిడి ముందుకి తోసి ఉంచి, కాలిలోని కడ్డీని కూడా ముందు గేరులోకి తిప్పి, పంకాని చేత్తో కొద్దికొద్దిగా కదుపుతూ తోశాం. లోపల ఎక్కడో టక్కుమంది. అంత మంచి చప్పుడు నేను ఈ మధ్య వినలేదు. ఉపవాసం విడవమని చెప్పే ఇఫ్తార్ ఫిరంగి పేలినప్పుడు మేం ఒడ్డు వాలు మీదే ఉన్నాం. గ్రీజు చేతులతోనే ఖర్జూరాలు తిన్నాం.

మర్నాడు పడవ దింపి, రేవు మూల ఎవరూ లేని చోట ముందుకీ వెనక్కీ నడిపి చూసింది వదాద్. రెండు వేళ్ళతో పిడి కదిలింది. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దంది. నేను చెప్పలేదు. ఇది నా జీవితంలో చెప్పుకోదగ్గ విషయం.

పండగ పొద్దున నమాజు అయ్యాక మా ఆడవాళ్ళం గోరీల దగ్గరికి వెళ్ళి, మనవాళ్ళ మీద పచ్చని కొమ్మలు పెట్టి, అటు నుంచి అటే రేవుకి వచ్చాం. వదాద్ పడవ మొదటి మెట్లకి మూతి ఆనించి నిలబడి ఉంది. మెట్ల మీద రయ్యిస్ షౌకత్ కొత్త కోటు వేసుకుని అడ్డంగా నిలబడి ఉన్నాడు. పక్కనే రామెజ్ పడవ ఇంజను ఆడుతోంది.

"జనాన్ని ఎక్కించకు వదాద్" అంటున్నాడు షౌకత్, వినయంగా. ఆ వినయం చూస్తేనే నాకు ఒళ్ళు మండింది. "మెకానిక్ చూడని పడవ. పిల్లలు ఎక్కుతారు. ఏదైనా అయితే ఎవరిది బాధ్యత?"

"మెకానిక్ చూశాడు రయ్యిస్. చెప్పుతో చూశాడు."

"మాటలకేం. జనం ప్రాణాలతో ఆట వద్దు."

ఇక ఆగలేకపోయాను. గౌను అంచు ఎత్తి పట్టుకుని, ఆయన పక్క నుంచి దూరి పడవలోకి దిగి ముందు వరసలో కూర్చున్నాను. "నా ప్రాణంతో నేను ఆడుకుంటాలే" అన్నాను. నా వెనకే మా వీధి ఆడవాళ్ళందరూ దిగారు.

"ఉమ్ నయీమ్," అన్నాడు షౌకత్, నయీమ్ తల్లినని నన్ను మర్యాదగా పిలుస్తూ, "పెద్దవారు మీరు, మీకెందుకు ఈ గొడవ? దిగండి."

"పెద్దదాన్ని గనకే కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. దింపాలంటే నువ్వు ఎత్తుకుని దింపాలి నాయనా."

మెట్ల మీద జనం నవ్వారు. షౌకత్ చేతులు కోటు జేబుల్లోకి పోయాయి. వదాద్ పిడిని రెండు వేళ్ళతో వెనక్కి లాగింది. పడవ చప్పుడు లేకుండా మెట్లని వదిలి, వెనక్కి జారి, తిరిగింది.

దీవుల దాకా వెళ్ళాం. మా వాళ్ళు పాడారు. నేను కూడా పాడేదాన్నే, కానీ నా కళ్ళు రేవు మీదే ఉన్నాయి. అనుకున్నంతా అయింది. తిరిగి వచ్చేసరికి మొదటి మెట్ల దగ్గర రామెజ్ పడవ మూతి ఆనించి నిలబడి ఉంది. వెళ్ళిన పడవ వచ్చేదాకా ఆ మెట్లు ఎవరూ ముట్టుకోకూడదు, అది చంటిపిల్లలకి కూడా తెలుసు. షౌకత్ మాత్రం ఎవరితోనో పండగ శుభాకాంక్షలు చెప్పుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. రామెజ్ పడవలో ఇంకా ఎవరూ ఎక్కలేదు, కుర్రాడు "రండి, రండి, కొత్త పడవ" అని అరుస్తున్నాడు.

"అరిచి గోల చెయ్యనా?" అన్నాను వదాద్‌తో.

"వద్దు ఖాల్తీ. గొంతు దాచుకో. నాకు పని ఉంది."

ఆవిడ పడవని రామెజ్ పడవ పక్కకి, అరచెయ్యి పట్టేంత సందు వదిలి తెచ్చింది. తాడు వెయ్యలేదు. చెయ్యి పిడి మీద ఉంది. అల పడవని ముందుకి తోస్తే పిడి ఒక్క క్షణం వెనక్కి, వెనక్కి లాగితే ఒక్క క్షణం ముందుకి. టక్, టక్. పడవ నేల మీద నిలబెట్టిన బల్లలా ఉన్న చోటే ఉంది. పాత కేబులుతో ఆ పని చేస్తే ఇంజను ఈపాటికి పదిసార్లు ఆగేది.

"దిగండి" అంది అందరితో. "రామెజ్ పడవ మీదుగా. మెట్లు అక్కడే ఉన్నాయిగా."

నేను ముందు లేచాను. రామెజ్ పడవ అంచు మీద ఒక కాలు, వాడి తెల్లని కొత్త దిండు మీద ఇంకో కాలు. ఆ దిండ్లు కుట్టింది కూడా వదాదే, అది తలుచుకుంటే కాస్త బాధ వేసింది, కానీ ఆగలేదు. నా వెనక మా వాళ్ళందరూ, గోరీల దగ్గరి మట్టి చెప్పులతో.

"ఏయ్! ఏయ్! నా పడవేమైనా బాటా?" అన్నాడు రామెజ్.

"మెట్ల దాకా రావాలంటే నువ్వే అడ్డం ఉన్నావు బాబూ. కోప్పడకు, పండగ."

మెట్ల మీద వదాద్ పడవ కోసం నిలబడ్డవాళ్ళు చూశారు. ఒక తండ్రి చంకలో పిల్లాడితో, చేతిలో ఐస్‌తో రామెజ్ పడవలోకి దిగి, దాన్ని దాటి, వదాద్ పడవలోకి ఎక్కాడు. అతని వెనక ఇంకో కుటుంబం. ఎర్రని ఐస్ దిండ్ల మీద కారింది. రామెజ్ ఎవర్ని ఆపాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడి పడవలో కూర్చునేవాడు ఒక్కడూ లేడు, వాడి పడవ మీద నడిచేవాళ్ళే అందరూ. వదాద్ పిడి టక్, టక్.

"ఖాలూ!" అని అరిచాడు చివరికి, మేనమామ వంక చూసి. "ఏదో ఒకటి చెప్పు!"

షౌకత్ చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. మెట్ల మీద ఉన్న ముసలి పడవవాళ్ళు కూడా, వదాద్‌ని చూసి ఏనాడూ మంచి మాట అననివాళ్ళు, ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. మేనల్లుడి కోసం ఆయన ఇంతకాలం వేసిన ఎత్తు అందరికీ ఒక్కసారి అర్థమైపోయింది. నా పుణ్యమా అని ఇంతకుముందే చాలామందికి తెలుసు, అది వేరే సంగతి.

"పడవ తియ్యరా" అన్నాడు, నేల చూస్తూ.

రామెజ్ పడవ వెనక్కి వెళ్ళింది. సందు ఏర్పడగానే వదాద్ పడవ మూతి మొదటి మెట్లకి వచ్చి ఆనింది, అదే అక్కడ పుట్టినట్టు.

షౌకత్ ఒక మెట్టు దిగాడు. పెద్దరికం మళ్ళీ మొహానికి తగిలించుకున్నాడు. "సరేనమ్మా వదాద్. ఈ ఏడాది కూడా ఈ మెట్లు నీకే" అన్నాడు, ఇంటి పెరట్లోంచి ఏదో కోసి ఇస్తున్నట్టు.

చూశారా ఆ మనిషిని! ఎవరి సొమ్ము ఎవరికి ఇస్తున్నాడు! నేను నోరు తెరిచాను. ఈలోగా వదాద్ లేచి, పడవ ముందు తాడు చుట్ట ఆయన వైపు విసిరింది.

"మీరు ఇచ్చిందేమీ లేదు రయ్యిస్" అంది. "తాడు పట్టుకోండి. ఇంకా జనం ఎక్కాలి."

కొత్త కోటుతో, తడి తాడు రెండు చేతులా పట్టుకుని, జనం అందరూ ఎక్కేదాకా నిలబడ్డాడు.